తొలుత వచ్చువాని విద్య

(బ్రిస్బేన్ నగరమున తెలుగువారి సభలో సీమోర్ వారియన్ స్మృత్యర్థము చేసిన ఉపన్యాసము)



జీవనోపాధికై, విద్యకై సముద్రములు దాటి వచ్చిన మనవారు, తమకు నిలువ నీడనిచ్చిన బ్రిస్బేన్ నగరమునకు నూటముప్పది యేండ్ల క్రిందట మహోపకారము చేసిన యొక వ్యక్తిని స్మరింపదలచి, ఆ స్మరణము తల్లిభాషలోనే జరుగవలెనని కోరి, ఆ భారమును నామీద నుంచినారు. స్వదేశపు మహనీయులను పరదేశమున తలచుకొను సభలు చాల చూచితిని. వచ్చి చేరిన దేశపు ఉపకర్తను తెలుగున తలచుకొను సభ నాకిదియే ప్రథమము. అందులకు మిమ్ము మనసార అభినందించుచున్నాను.

ఆ ఉపకర్త సీమోర్ వారియన్. ఆయన సైన్యమున క్షతగాత్రుల సేవలో శిక్షణ పొందినవాడు. 1892వ సంవత్సరమున ఈ నగరపు వార్షిక ప్రదర్శన జరుగుచుండగా, మైదానమున రౌతొకడు గుర్రముమీదినుండి పడి కాలు విరుగగొట్టుకొనెను. చుట్టునున్నవారు పరుగున వచ్చిరి. వారెవ్వరును కఠినహృదయులు గారు. జాలిపడినవారే, సాయపడ గోరినవారే. అయినను వారు ఆ రౌతును లేవనెత్తి, విరిగిన కాలితోనే నడిపించుకొని మైదానము వెలుపలికి గొనిపోయిరి. దానితో గాయము మిక్కిలి విషమించెను. ఆ దృశ్యమును జూచి నిట్టూర్చి యింటికి పోయినవారు పెక్కుమంది యుందురు. వారియన్ మాత్రము ఊరకుండలేకపోయెను. ఆయన పూనికచే ఆ యేడు సెప్టెంబరు 12వ తేదీన పౌరులు సమావేశమై ‘సిటీ అంబులెన్స్ ట్రాన్స్‌పోర్ట్ బ్రిగేడ్’ అను సంఘమును స్థాపించిరి. ఒక వార్తాపత్రికా సంస్థ భవనము వారి తొలి స్థావరములలో నొకటి. రాత్రి కాపున్నవారు అచ్చుకాగితపు చుట్టలను పరుపులుగా జేసికొని నేలమీద పండుకొనెడివారు. వారికొక స్ట్రెచరు ఉండెను గాని బండి లేకుండెను. రోగిని మోసికొని కాలినడకనే ఆస్పత్రికి జేర్చెడివారు. ఊరూర వెలసిన ఇట్టి స్థానిక సంఘములన్నియు 1991వ సంవత్సరము జూలై 1వ తేదీన ఏకమై నేటి క్వీన్స్‌లాండ్ అంబులెన్సు సర్వీసు అయినవి.

ఆపద కలిగిన చోటికి తొలుత వచ్చువానికి ఏమి తెలిసియుండవలెను, వాని మాటను లోకము ఎంతవరకు నమ్మవచ్చును అను ప్రశ్నలకు ఈ దేశము నూరేండ్లకు పైబడిన కాలమున మెల్లమెల్లగా వెదకికొన్న సమాధానమే నేటి అంబులెన్సు శిక్షణము. నేను ప్రతిపాదింపదలచిన దొక్కటే. ఇన్నాళ్ల యీ చరిత్రలో బండ్లు మారినవి, యంత్రములు మారినవి. కాని అన్నిటికంటె పెద్దమార్పు మనుష్యునిలో వచ్చినది. రోగిని మోయువాడు, రోగి విషయమున నిర్ణయము చేయువాడైనాడు. ఆ మార్పు ఎట్లు వచ్చినదో, దానికెంత చదువు కావలసివచ్చినదో, మన తెలుగుసీమలో అది ఏ మెట్టున నున్నదో వరుసగా మనవి చేసెదను.

1

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు మరల నాలుగు గుణములు విధించినది: ఉపచార మెరిగియుండుట, దక్షత, అనురాగము, శుచిత్వము. ఆనాటి మైదానమున రౌతును నడిపించినవారికి వీనిలో అనురాగ మొక్కటి సమృద్ధిగా నుండెను; ఉపచారజ్ఞానము లేకుండెను. జ్ఞానము తోడుగా లేని అనురాగము ఎముకను చర్మము చీల్చుకొని బయటికి రానిచ్చును. ఇంత కఠినముగా చెప్పుచున్నందుకు మన్నింపుడు. రహదారి ప్రమాదములలో గాయపడినవానిని చేతులు, కాళ్లు పట్టి యెత్తి ఆటోలో గుదించి పంపుట మన ఊళ్లలో ఎరుగనివారు ఈ సభలో నుండరు.

కావున ఈ విద్యలో మొదటి పాఠము, చేయకూడనిదానిని చేయకుండుట. ఆస్ట్రేలియాలో ఈ పాఠము వ్యవస్థగా ఆరంభమైనది 1883లో మెల్బోర్న్ నగరమున సెయింట్ జాన్ సంస్థ వెలసినప్పుడు. వైద్యులు సాయంకాలములందు పౌరులకు ప్రథమచికిత్స బోధించెడివారు. విరిగిన యంగమునకు చీలికబద్దలు కట్టుట, నెత్తురు కారకుండ అదిమిపట్టుట, కదలింపక యెత్తుట నేర్పెడివారు. 1895వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన సిడ్నీ నగరమున రైల్వే చౌకులో, ఎరవు తెచ్చుకొన్న పోలీసు ఠాణాలో, ఇద్దరు ఉద్యోగులతో అంబులెన్సు సేవ మొదలైనది. వారును మోసినవారే. చదువు స్వల్పము, కాళ్లకు పని యధికము. అయినను బుద్ధితో మోయుటకును, ఊరక మోయుటకును గల భేదమును ఈ దేశమునకు నేర్పినవారు వారే.

2

తరువాతి పాఠమును ఈ దేశమునకు నేర్పినది దూరము. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన పడమటి ఆస్ట్రేలియాలో 1917వ సంవత్సరమున జరిగిన యొక కథలో నేటి మన చర్చయంతయు ఇమిడియున్నది.

కింబర్లీ ప్రాంతమున జిమ్మీ డార్సీ యను పశుపాలకుడు గుర్రముమీదినుండి పడి లోపల దెబ్బతినెను. తోడివారు బండిమీద వేసికొని గంటలతరబడి ప్రయాణముచేసి హాల్స్ క్రీక్ అను చిన్న యూరికి జేర్చిరి. అచట వైద్యుడు లేడు. ఉన్నవాడు పోస్టుమాస్టరు ఫ్రెడ్ టకెట్. ఆయన ప్రథమచికిత్స నేర్చినవాడు. దేశపు మరియొక కొనయైన పెర్త్ నగరమున నున్న డాక్టరు హాలండుకు ఆయన తంతికొట్టెను. టకెట్టు ఒకప్పుడు ప్రథమచికిత్సా పాఠములు విన్నది ఆ హాలండు వద్దనే. మూత్రకోశము పగిలినదని వైద్యుడు తంతిమీదనే నిర్ధారించి, శస్త్రచికిత్స చేయుమనెను. మత్తుమందు లేదు, శస్త్రము లేదు. ప్రశ్నయు సమాధానమును మోర్సు సంకేతములలో రాకపోకలు చేయుచుండగా, ఆ పోస్టుమాస్టరు పొటాషియం పర్మాంగనేటుతో గాయమును శుభ్రపరచి, చాకుతో కోత కోసెను. శస్త్రచికిత్స ఫలించినది. కాని రోగి తేరుకొనలేదు. వైద్యుడు పశువుల నోడమీద, మోటారుమీద, తుదకు గుర్రముమీద ప్రయాణించి ఆ యూరు జేరునప్పటికి డార్సీ మరణించియుండెను. మరణమునకు కారణము ఆ కోత గాదు. మలేరియా, దానితో గూడిన పుండు.

శ్రోతలారా, టకెట్టు ధైర్యమునకు చేతులెత్తి మ్రొక్కవలెను. అయినను మనము గమనింపవలసిన దొకటి కలదు. చేయి హాల్స్ క్రీక్‌లో నున్నది, బుద్ధి పెర్త్‌లో నున్నది, నడుమ తీగె. తీగె ఆజ్ఞను మోయగలదు, కన్నులను మోయలేదు. పెర్త్‌లోని వైద్యుడు రోగిని జూడలేడు. చూచుచున్నవానికి తాను చూచుచున్న దేమియో తెలియు చదువు లేదు. జ్వరము మరియొక వ్యాధిదని గుర్తింపగలవాడు మంచముప్రక్కన లేకపోయెను.

ఈ కథ మతబోధకుడైన జాన్ ఫ్లిన్ హృదయమును కలచివేసినది. ఆయన పూనికచే 1928వ సంవత్సరము మే 17వ తేదీన ఇదే క్వీన్స్‌లాండులోని క్లాన్కరీనుండి వైద్యుని గొనిపోవు విమానము తొలిసారి లేచినది. మరుసటి యేడు ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ కాలితో త్రొక్కిన విద్యుత్తు పుట్టు రేడియోను నిర్మించి, ఒంటరి యిండ్లకు వైద్యుని గొంతు వినిపించినాడు. ఆ యిండ్లకు మందుల పెట్టెలు పంపి, ప్రతి మందుకును ఒక అంకె వేసినారు. వైద్యుడు రేడియోలో అంకె చెప్పును, ఇల్లాలు ఆ అంకెగల సీసా తీయును. ఎంత చక్కని యేర్పాటు! ఎన్నో ప్రాణములు నిలిపినది. కాని అదియును చేయి యొకచోట, బుద్ధి యొకచోట నుండు పద్ధతియే.

3

ఆ రెంటిని ఒక్కచోటికి తెచ్చినది గుండెజబ్బు. గుండె లయతప్పి వణకి నిలిచిపోయినప్పుడు రేడియోలో వైద్యుని పిలుచుటకు వ్యవధి యుండదు; సాయము లేక గడచు నిమిష మొక్కొక్కటికి బ్రదుకు ఆశలో సుమారు పదింట నొకపాలు తరిగిపోవును. 1966లో ఐర్లండు ద్వీపములోని బెల్‌ఫాస్ట్ నగరమున డాక్టరు ఫ్రాంక్ పాంట్రిడ్జ్, గుండె లయను సరిదిద్దు, కారు బ్యాటరీలతో నడచు డీఫిబ్రిలేటరను యంత్రమును అంబులెన్సులో నెక్కించి రోగి యింటికే పంపుట ఆరంభించినాడు. ఆ బండిలో వైద్యుడును వెళ్లెడివాడు. ఆ మరుసటి యేట అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున పీటర్ సాఫర్ అను వైద్యుడు, లోకము పనికిరానివారని త్రోసివేసిన నిరుద్యోగులైన నల్లజాతి యువకులను జేర్చి, నెలలతరబడి శ్రద్ధతో బోధించి, ‘ఫ్రీడమ్ హౌస్’ అంబులెన్సుమీదికి పంపినాడు. వారు ఆ దేశమునకే ఆదర్శమైనారు. కులమును, వంశమును జూచి పనులు పంచిపెట్టు సమాజమునుండి వచ్చిన మనకు ఈ చరిత్ర తప్పక తెలిసియుండవలెను.

మెల్బోర్న్‌లో 1971వ సంవత్సరమున సంచార తీవ్రచికిత్సా అంబులెన్సు, ఇచటివారు ‘మైకా’ యని పిలుచునది, మొదలైనప్పుడు అందులోను వైద్యుడు కూర్చుండెడివాడు. కొంతకాలమునకు ఆయన బండి దిగిపోయినాడు. ఈ వృత్తి చరిత్రలో నేను మిక్కిలి గొప్పదిగా భావించు ఘట్టమిది. తన పని తనకంటె తక్కువ చదివినవాడు చేయజాలడను అభిమానమును వైద్యుడు విడిచినాడు. విడుచుటకు ముందు వానికి నేర్పినాడు. అధికార మిచ్చి విద్య యీయకుండుట ప్రమాదము. విద్య యిచ్చి అధికార మీయకుండుట అన్యాయము. మెల్బోర్న్ వైద్యులు రెండును ఇచ్చిరి.

4

ఇక నేటి చదువు. వెనుక వరుసలలోని విద్యార్థులారా, ఈ భాగము మీ నిమిత్తము.

ఆస్ట్రేలియాలో పారామెడిక్, అనగా అంబులెన్సులో రోగికి చికిత్స చేయువాడు, కాగోరువాడు సాధారణముగా మూడేండ్ల విశ్వవిద్యాలయ పట్టము పొందవలెను. పూర్వము అంబులెన్సు సంస్థలే తమలో చేరినవారికి జీతమిచ్చి కొలువులో నేర్పుకొనెడివి. 1990లలో న్యూసౌత్ వేల్సులోని చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయము మొదలుగా ఆ బోధ విశ్వవిద్యాలయములకు మారినది. నేడు ఈ నగరమున క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయము, మెల్బోర్న్‌లో మొనాష్, అడిలైడులో ఫ్లిండర్స్ మున్నగునవి ఈ విద్యను గరపుచున్నవి. శరీరనిర్మాణము, దేహధర్మము, ఔషధశాస్త్రము, మనోవ్యాధులు, న్యాయము, నీతి యను పాఠములతోపాటు, విద్యార్థి నెలలకొలది అంబులెన్సులో మూడవ మనిషిగా తిరుగవలెను. డ్రైవింగు లైసెన్సు, టీకాలు, పోలీసు ధ్రువపత్రము, దేహదార్ఢ్యము అన్నియు చూతురు. పట్టము చేతికి వచ్చిన తరువాతను మొదటి సంవత్సరము అనుభవజ్ఞుల కనుసన్నల మెలగవలెను.

ఆపద కలిగినచోట అడుగిడుటకు ముందు తనకేమైన అపాయ మున్నదాయని చూచుకొనుమని వానికి తొలుత బోధింతురు. తెగిన విద్యుత్తీగెను గమనింపక రోగివద్దకు పరుగెత్తినవాడు రెండవ రోగియగును. పిమ్మట రోగి పలుకుచున్నాడా, ఊపిరిత్రోవ తెరచియున్నదా, శ్వాస యాడుచున్నదా, గుండె నొత్తవలెనా అను క్రమము. ఈ క్రమమును బొమ్మలపై, నటులపై, చీకటిలో, వానలో, గోలల నడుమ, అలసిపోయినప్పుడు సైతము తప్పకుండునట్లు సాధన చేయింతురు. సంగీతమున సరళీవరుసలు సాధించినవానికి కచేరీలో స్వరము వెదకుకొను పని యుండదు. మనస్సంతయు రాగముమీద నుంచగలడు. చేతులకు వరుస అలవడినగాని బుద్ధి నిర్ణయమునకు ఖాళీ కాదు.

ఆ నిర్ణయ మెట్టిదో రెండుదాహరణములు చెప్పెదను. ఈ దేశపు అంబులెన్సులలో ఆకుపచ్చని గొట్టమొకటి యుండును. జనులు దానిని ‘గ్రీన్ విజిల్’ అందురు. అందులో మెథాక్సీఫ్లూరేన్ అను మందు పోసి ఇచ్చిన, ఎముక విరిగి విలవిలలాడువాడు తానే పీల్చుకొని కొన్ని శ్వాసలలోనే ఉపశమనము పొందును. చూచుటకు పిల్లవాని ఆటవస్తువువలె నుండును. కాని యిదే మందును పూర్వము శస్త్రచికిత్సలలో మత్తుకొరకు అధికమోతాదున వాడగా మూత్రపిండములు చెడినవి. అందుచే ఆ వాడుక మానిపించిరి. స్వల్పమోతాదున బాధ తగ్గించుటకు మాత్రము ఇచట 1970లనుండియు నిలిచినది. కావున గొట్టము చేతికిచ్చువాడు, ఈ రోగికి మూత్రపిండముల వ్యాధి యున్నదా, తెలివి తగినంత యున్నదా, మత్తుమందులవలన వీని వంశమున ఎవరికైన విపరీతజ్వరము వచ్చినదా యని క్షణములో విచారింపవలెను. గొట్టమిచ్చుట నేర్పుటకు పూట చాలును. ఈయకుండవలసిన వానిని గుర్తించుట నేర్పుటకు ఏండ్లు పట్టును.

రెండవది పాముకాటు. మెల్బోర్న్‌లోని కామన్‌వెల్త్ సీరం ప్రయోగశాలలో పనిచేసిన డాక్టరు స్ట్రూవన్ సదర్లాండ్ 1970ల చివర ఒక పద్ధతిని ప్రతిపాదించినాడు. కాటుపడిన యంగమునంతటిని వెడల్పైన సాగుగుడ్డతో బిగువుగా చుట్టి, బద్దకట్టి, రోగిని కదలకుండ నుంచినచో విషము రసనాళములగుండ ప్రాకుట మందగించును. ఈ దేశపు విషసర్పములకు ఈ పద్ధతి ప్రశస్తము. దీనినే మన గోదావరి చేలగట్లకు గొనిపోయి రక్తపింజర కాటునకు ప్రయోగింపరాదు. ఆ విషము కాటుపడినచోటనే కండను కుళ్లజేయును, కట్టు ఆ హానిని పెంపవచ్చునని వైద్యులు హెచ్చరింతురు. ఇచట ప్రాణము నిలుపు కట్టు అచట అపాయకరము కావచ్చును. కారణము తెలియక విధానము మాత్రము వల్లించినవానికి ఈ వివేకము కలుగదు. శిక్షణమునకు దినములు చాలునా, ఏండ్లు కావలెనా యని వాదించువారికి నేను చెప్పు సమాధానమిదియే.

వీనికంటె కష్టమైన నిర్ణయము మరియొకటి కలదు. గుండె నొత్తి యొత్తి, మందులన్నియు నిచ్చి, ఇక ఫలము లేదని తెలిసినప్పుడు ప్రయత్నము విరమించుట. విరమించి, లేచి, వంటయింటి గుమ్మమున నిలిచిన భార్యతో ఆ మాట చెప్పుట. ఈ దేశమున ఆ అధికారము నియమములకు లోబడి పారామెడిక్కునకు గలదు. ‘పోయినాడు’ అని స్పష్టముగా చెప్పవలెను; ఆశ కొలుపు డొంకతిరుగుడు మాటలు చెప్పరాదు; చెప్పి వెంటనే బయటికి పోరాదు. దీనిని తరగతిలో బోధింతురు, పరీక్షయు పెట్టుదురు. ఏ యంత్రమును నేర్చుటకంటెను ఇది కఠినమని నా నమ్మకము. ఇరువదిరెండేండ్ల పిల్ల యొక్కతె పరుల యింటి దుఃఖమునకు ఎదురుగా నిలిచి ఆ మాట చెప్పగలిగినదన్న, ఆమెకు నేర్పిన గురువులకు నమస్కరింపవలెను.

ఇంతటి నిర్ణయాధికార మిచ్చునప్పుడు లోకము జవాబుదారీ కోరుట న్యాయము. 2018వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీనుండి ఆస్ట్రేలియా అంతట పారామెడిక్కులు వైద్యులవలె, నర్సులవలె జాతీయపట్టికలో నమోదు కావలెను. నమోదు లేనివాడు ఆ పేరు పెట్టుకొనుట నేరము. ఏటేట 30 గంటల అధ్యయనము కొనసాగింపవలెను. తప్పుచేసినచో విచారణ యుండును. ఆ దినముననే ఈ వృత్తి పూర్ణవృత్తి యైనదని నేను భావింతును.

తల్లిదండ్రులకొక హెచ్చరిక. ‘ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్’ అను పేరుతో ఇచట డిప్లొమాలు కలవు. క్రీడోత్సవములందు, గనులందు, అత్యవసరము గాని రోగుల రవాణాయందు వారు గౌరవప్రదమైన పని చేయుచున్నారు. కాని ఆ పేరు జాతీయపట్టికలోనిది గాదు. డిప్లొమా చదివి పారామెడిక్ అగుదునని యెంచి డబ్బు కట్టినవాడు నిరాశపడును. పట్టభద్రులకు సైతము ఉద్యోగములు చాలక, 2014నుండి ఎందరో లండన్ అంబులెన్సులో చేరుటకు పోయినారు. ప్రభుత్వ అంబులెన్సు సంస్థలు సాధారణముగా పౌరసత్వమో శాశ్వతనివాసమో కోరును. విద్యార్థి వీసాపై వచ్చువారు ఈ సంగతి ముందే విచారించుకొనవలెను.

5

మన తెలుగుసీమకు వత్తము. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. ఆ మూడంకెలు మన పల్లెలలో నెంత గాఢముగా నాటుకొన్నవో మీకు నేను చెప్పనక్కరలేదు. బండి నడుపువానిని అచట ‘పైలట్’ అని గౌరవముగా పిలుతురు. వెనుక రోగితో గూర్చుండువాడు ఈఎంటీ, అనగా ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. వారిలో పెక్కుమంది సైన్సు పట్టభద్రులు. కొన్ని వారముల శిక్షణముతో బండి యెక్కినవారు. వారికి వచ్చు పిలుపులలో అగ్రభాగము గర్భిణీ స్త్రీలవి. అర్ధరాత్రి గతుకుల రోడ్డుమీద కదలు బండిలో పురుడు పోసి, తల్లిని బిడ్డను క్షేమముగా ఆస్పత్రికి అప్పగించిన ఈఎంటీలు మన జిల్లా జిల్లాలో నున్నారు. వారి పేర్లు ఏ సభలోను వినబడవు.

అయినను నిష్పక్షపాతముగా చెప్పవలసివచ్చినచో, మన ఈఎంటీ సందేహము వచ్చినప్పుడు కేంద్రములోని వైద్యునకు ఫోను చేసి, ఆయన ఆజ్ఞ పొంది చేయవలెను. చేయి పల్లెలో, బుద్ధి నగరములో. హాల్స్ క్రీక్ తంతికిని దీనికిని కాలములో తొంబదియేండ్ల దూర మున్నను, స్వభావములో భేద మల్పము. ఇది నిందగాదు, వైద్యులు తక్కువైనచోట ఆరంభ మిట్లే యుండును, ఆస్ట్రేలియాలోను ఇట్లే యుండెను. ఆరంభమునందే నిలిచిపోవుట మాత్రము తగదు. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో హైదరాబాదులో రెండేండ్ల పారామెడిక్ విద్య ఆరంభమైనప్పుడు ఆ పై మెట్టు కనబడినది. 2021లో భారత పార్లమెంటు అనుబంధ వైద్యవృత్తులకు జాతీయసంఘ మేర్పరచుచు చేసిన చట్టము అత్యవసర వైద్య సాంకేతికులను కూడ తన పట్టికలో జేర్చినది. చట్టము ద్వారము తెరచినది. లోపలికి మెట్లు కట్టవలసినవారు రాష్ట్రప్రభుత్వములు, విశ్వవిద్యాలయములు. పదియేండ్లు బండిలో పనిచేసిన ఈఎంటీకి ఆ యనుభవమును లెక్కగట్టి, సెలవిచ్చి, పట్టము చదివించి, జీతము పెంచి, అధిక నిర్ణయాధికారముతో మరల అదే పల్లెకు పంపవలెను. అట్లుగాక కొత్తబండ్లకు జెండా లూపుటతో తృప్తిపడిన, మనము వారియన్ తొలిదశను దాటనివారమే యగుదుము. బండికి రంగు వేయుట సులభము. ఇంత నిష్ఠురముగా మాటాడుటకు నాకు ఆ యువకులమీది ప్రేమయే కారణము.

6

చివరగా, ఇచట నివసించు మనవారికి కొన్ని మాటలు. 2021 జనాభాలెక్కల ప్రకారము ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాటాడువారు అరువదివేలకు చేరువలో నున్నారు. మన పిల్లలలో ఇంజనీర్లు, వైద్యులు, లెక్కల నిపుణులు కొల్లలు. అంబులెన్సు దుస్తులు ధరించినవారు మాత్రము చాల యరుదు. ‘అది మనకు తగిన పనియా’ యని ఇండ్లలో వినబడు సంకోచమును ఈనాటి నా మాటలు కొంతయైన తగ్గించినచో ధన్యుడను. క్వీన్స్‌లాండ్ అంబులెన్సు సర్వీసు ఆదివాసి, టోరెస్ జలసంధి ద్వీపవాసుల యువకులను వారి సొంత సమాజములనుండియే ఎన్నుకొని శిక్షణ మిచ్చుచున్నది. రోగి భయపడినప్పుడు వాని భాషలో నొక మాట చెప్పగలవాడు బండిలో నుండుట ఎంత మేలో వారు గుర్తించినారు. ఛాతీనొప్పిని ‘గుండెల్లో మంట’ యనియు, ‘ఏదో పిండుతున్నట్లుంది’ యనియు చెప్పు మన ముసలమ్మను అర్థము చేసికొను పారామెడిక్ ఈ నగరమున ఉండవలదా?

వృత్తిలో చేరనివారు సైతము తొలుత వచ్చువారు కావచ్చును. గుండె నిలిచిన ఇంట, బండి వచ్చులోపల, ఆ ఇంటివాడే తొలుత వచ్చువాడు. ఛాతీనడుమ రెండుచేతులు పెట్టి, నిమిషమునకు నూరునుండి నూటయిరువది సారులు, ఛాతీలోతులో మూడవవంతు దిగునట్లు ఒత్తుట ఒక పూటలో నేర్వదగిన విద్య. ఫోనులో అవతలివారును చెప్పి చేయింతురు. ఈ రాష్ట్రమున స్థానిక అంబులెన్సు కమిటీలు స్వచ్ఛందసేవకులతో ఈ విద్యను ప్రచారము చేయుచున్నవి. మన సంఘము ఉగాది సభకు ఖర్చుపెట్టు శ్రద్ధలో కొంత ఇందుకు కేటాయించి, ఏటేట ఒక తరగతి నడుపవలెనని అధ్యక్షులను కోరుచున్నాను.

బిల్లునకు భయపడి, అంబులెన్సును పిలుచు 000 అంకె కొట్టక జాగుచేసిన కుటుంబములను గూర్చి వింటిని. క్వీన్స్‌లాండ్ నివాసులకు అంబులెన్సు ఉచితము. భారతదేశమునుండి చూడవచ్చిన తల్లిదండ్రులకు ఆ సౌకర్యము వర్తింపకపోవచ్చును. కావున వారికి ప్రయాణపు బీమా చేయించి తీసికొనిరండు. బిల్లు తరువాత చూచుకొనవచ్చును, ముందు ఫోను చేయుడు.

ఇంగ్లీషు రాని పెద్దలు పగటిపూట ఒంటరిగా నుండు ఇండ్లు మనలో చాల యున్నవి. వారికి 000 అను అంకెను, ‘అంబులెన్స్’ అను మాటను, ‘తెలుగు’ అను మాటను, ఇంటి చిరునామాను ఇంగ్లీషులో పలుకుట నేర్పుడు. ఆ నాలుగు చెప్పినచో అవతలివారు దుబాసీని పిలిపింతురు. చిరునామాను పెద్ద తెలుగక్షరములతో వ్రాసి ఫోనుప్రక్కన అంటింపుడు. ఈ పనిని రేపటికి వాయిదా వేయక, ఈ రాత్రి యింటికి పోగానే చేయవలెనని మీ యందరిని ప్రార్థించుచున్నాను.